సైనిక ఇంటెలిజెన్స్ విభాగం ఎలా పుట్టింది, ఏం చేస్తుంది: పర్లాకిమిడి నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు మూడు సంగతులు అడిగారు. మిలిటరీ ఇంటెలిజెన్స్ అనేది ‘రా’లో ఒక శాఖా, లేక వేరే సంస్థా? అది ఎప్పుడు, ఏ అవసరం కోసం పుట్టింది? మన గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల్లో మావోయిస్టుల ఆనుపానులు కనిపెట్టింది ఆ విభాగమేనా? నేను పదాతి దళంలో పనిచేశాను. సర్వీసులో ఎక్కువ కాలం బెటాలియన్ ఇంటెలిజెన్స్ సెక్షన్‌లోనే గడిచింది. ఇప్పుడు కాశీనగర్‌లో ఉంటున్నాను. దాచవలసినది ఏదీ ఇక్కడ రాయను. ఒక పౌరుడికి తెలియవలసినంత విషయం ఎప్పటినుంచో బహిరంగంగానే ఉంది కాబట్టి రాయవలసిన అవసరమూ లేదు.

మొదటి సందేహానికి సూటిగా సమాధానం చెబుతాను. ‘రా’ 1968 సెప్టెంబరులో ఏర్పడింది, కేబినెట్ సచివాలయం కింద విదేశాలకు సంబంధించిన సమాచారం చూస్తుంది. ఇంటెలిజెన్స్ బ్యూరో, అంటే ఐబీ, కేంద్ర హోం శాఖ కింద దేశం లోపలి వ్యవహారాలు చూస్తుంది. మిలిటరీ ఇంటెలిజెన్స్ ఈ రెండింటికీ చెందదు. అది సైనిక ప్రధాన కార్యాలయంలో ఒక డైరెక్టరేట్, దానికి అధిపతి లెఫ్టినెంట్ జనరల్ హోదా కలిగిన డైరెక్టర్ జనరల్. ఆ డైరెక్టరేట్‌కు కావలసిన మనుషులను తయారుచేసి ఇచ్చేది ఇంటెలిజెన్స్ కోర్. సిగ్నల్స్, ఇంజనీర్స్ లాగే అదీ సైన్యంలో ఒక కోర్, అంటే ఒక ప్రత్యేక పని చూసే శాఖ, అందులో ఉన్నవారు యూనిఫాం వేసుకున్న సైనికులే. అన్నిటికన్నా కింది మెట్టు మీద, ప్రతి పదాతి బెటాలియన్‌లోనూ ఒక ఇంటెలిజెన్స్ ఆఫీసరు, ఆయన కింద ఒక చిన్న సెక్షన్ ఉంటాయి. నేను ఉన్నది అక్కడ. ఆ సెక్షన్‌లోని వారు చాలామంది ఇంటెలిజెన్స్ కోర్‌కు చెందినవారు కారు, ఆ బెటాలియన్ జవాన్లే. ఈ తేడా తెలియక పత్రికలవాళ్ళు కూడా తరచుగా పొరబడుతుంటారు.

పేరు ఏదైనా, ఏ మెట్టు మీద ఉన్నా, ఈ విభాగం సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఒక్కటే. ఎదురుగా ఉన్నది ఎవరు, ఎంతమంది, వారి దగ్గర ఏమున్నాయి, రేపు వాళ్ళు ఏం చేయగలరు? చివరి మాటను గమనించండి. శత్రువు ఏం చేయాలనుకుంటున్నాడో అతని మనసులోకి దూరి చూడటం ఎవరి తరమూ కాదు. ఏం చేయగలడో మాత్రం చాలావరకు లెక్క కట్టవచ్చు. వంశధారలో నీటి రంగు మారడం చూసి ఎగువన గుణుపురం దాటి వాన పడిందని చెప్పే మా ఊరి పెద్ద రైతు చేసే పని ఇలాంటిదే. ఆయన మేఘాన్ని చూడలేదు, నీటిని చూసి అంచనా కట్టాడు.

ఇక పుట్టుక సంగతి. ఇప్పుడున్న రూపానికి మూలాలు వెతుక్కుంటూ పోతే 1846 దగ్గర ఆగవచ్చు. ఆ సంవత్సరం పెషావర్‌లో హారీ లమ్స్‌డెన్ అనే యువ అధికారి హెన్రీ లారెన్స్ ఆలోచన మేరకు ‘కోర్ ఆఫ్ గైడ్స్’ను లేవదీశాడు. దాని పని రెండు విధాలు: అవసరమైతే పోరాడటం, మిగతా వేళల్లో ఆ ప్రాంతపు దారులు, తెగలు, నీళ్ళ చెలమలు తెలుసుకుని సైన్యానికి దారి చూపించడం. అందుకే ఆ ప్రాంతపు భాషలు తెలిసిన స్థానికులనే చేర్చుకున్నారు. భారతదేశంలో ఖాకీ బట్ట మొదట వేసుకున్నదీ ఈ దళమే. దుమ్ములో కలిసిపోవాలన్న అవసరం నుంచి వచ్చిన రంగు అది.

ఇలాంటి పని అంతకు ముందే మన వైపు కూడా జరిగింది, ఈ సంగతి మనవాళ్ళలో ఎక్కువమందికి తెలియదు. 1835 నుంచి 1837 వరకు గంజాం కొండల్లో గుంసూరు యుద్ధం నడిచినప్పుడు మద్రాసు సైన్యానికి ఆ కొండల లోపలి భాగానికి సరైన పటమే లేదు. కనుమలు ఎక్కడున్నాయో, ఏ గ్రామం ఏ ముఠాకు, అంటే ఏ గ్రామాల సమూహానికి, చెందినదో తెలియక దళాలు ఇబ్బంది పడ్డాయి. అప్పుడు సర్వే పనిలో అనుభవం ఉన్న మాక్‌ఫర్సన్ అనే లెఫ్టినెంటును ఆ ప్రాంతాన్ని చూసి రమ్మని పంపారు. ఆయన కోందుల సామాజిక వ్యవస్థ, మతం, నరబలి ఆచారం గురించి రాసిన నివేదికను నేటికీ చరిత్రకారులు వాడుతున్నారు. దాన్ని జానపద విజ్ఞానంగానో, మానవశాస్త్రంగానో చదవడం అలవాటైంది. దళాలు మళ్ళీ ఆ కొండ ఎక్కవలసి వస్తే అధికారి చేతిలో ఏముండాలి అన్న అవసరమే ఆ నివేదికకు పునాది. కోందుల గురించి వారి వేదన తెలియకుండా, వారిని గెలవడానికే అంత వివరంగా రాశారని తలచుకుంటే మనసుకు కష్టంగానే ఉంటుంది. అయినా ఆ చరిత్రను ఉన్నది ఉన్నట్టుగానే చెప్పుకోవాలి.

1860లలో సర్వే ఆఫ్ ఇండియా టిబెట్‌లోకి పంపిన ‘పండితుల’ కథ చాలామంది వినే ఉంటారు. కుమావూఁకు చెందిన నైన్ సింగ్ రావత్‌కు డెహ్రాడూన్‌లో సమానమైన అడుగులతో నడవడం నేర్పారు. ఆయన చేతిలోని జపమాలకు 108 పూసలకు బదులు 100 పూసలే ఉండేవి. 100 అడుగులకు ఒక పూస జారవిడిస్తే, మాల ఒక చుట్టు తిరిగేసరికి 10,000 అడుగులు. ప్రార్థన చక్రంలో మంత్రాల కాగితానికి బదులు కొలతల కాగితం ఉండేది. నీరు ఎంత వేడికి మరుగుతుందో చూసి ఎత్తు లెక్క కట్టేవారు. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. ఇలా అక్కడక్కడా సేకరించినది ఒకచోట చేర్చి భద్రపరచే శాఖ అవసరమైంది. 1878లో సిమ్లాలో, క్వార్టర్ మాస్టర్ జనరల్ విభాగం కింద ఇంటెలిజెన్స్ బ్రాంచి ఏర్పడింది. సైనిక సమాచారం ఒక కార్యాలయంగా, ఫైళ్ళుగా, పటాలుగా స్థిరపడింది అప్పుడే.

ఇప్పటి ఇంటెలిజెన్స్ కోర్ మాత్రం రెండవ ప్రపంచ యుద్ధపు బిడ్డ. 1942 నవంబరు 1న అది ఏర్పడింది, ఏటా ఆ తేదీనే కోర్ దినోత్సవం జరుపుకుంటారు. ‘సదా సతర్క్’ అన్నది దాని నినాదం. ఆ సంవత్సరమే ఎందుకన్నది మన కోస్తా వాళ్ళకు వేరే చెప్పనవసరం లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బర్మా చేజారిపోతోంది. శత్రువు ఎక్కడ ఉన్నాడు, ఎంత వేగంగా వస్తున్నాడు అన్నది చెప్పగలిగిన వ్యవస్థ భారత సైన్యం దగ్గర దాదాపు లేదు.

అదే ఏప్రిల్‌లో జనరల్ వేవెల్ ఆదేశంపై ‘వీ ఫోర్స్’ అనే దళాన్ని అస్సాం, బర్మా సరిహద్దు కొండల్లో లేవదీశారు. జపాన్ సైన్యం భారతదేశంలోకి చొచ్చుకొస్తే దాని వెనక ఉండి గెరిల్లా దాడులు చేయడం మొదటి ఉద్దేశం. ఆ దాడి వెంటనే రాకపోవడంతో దళం క్రమంగా సమాచార సేకరణ వైపు మళ్ళింది. అందులో అస్సాం రైఫిల్స్ ప్లాటూన్లు ఉండేవి, వాటికన్నా ఎక్కువ సంఖ్యలో నాగా, కుకీ, లుషాయి కొండవాళ్ళు ఉండేవారు. జపాన్ గస్తీ ఏ దారిన వచ్చింది, ఏ ఊరి బియ్యం తీసుకుపోయింది, కంచరగాడిదలు ఎన్ని ఉన్నాయి అన్న వార్తలు ఊరి నుంచి ఊరికి నడిచి చేరేవి. కాచర్ కొండల్లో నాగాల మధ్య మానవశాస్త్ర పరిశోధన చేసుకుంటున్న ఉర్సులా గ్రాహమ్ బోవర్ అనే బ్రిటిష్ మహిళ నాగా స్కౌట్లను నడిపింది. కొండ ప్రాంతంలో సమాచారం ఎప్పుడూ ఆ కొండవాడి నమ్మకం మీదే ఆధారపడి ఉంటుంది. మన సవర, కోందు గ్రామాల మధ్య పుట్టి పెరిగిన నాకు వీ ఫోర్స్ చరిత్ర చదివినప్పుడు ఏ మాత్రమూ పరాయిగా అనిపించలేదు.

ఆ యుద్ధకాలంలోనే ఢిల్లీ ఆనంద్ పర్బత్ మీద, రాంజస్ కళాశాల ఆవరణలో ‘వైర్‌లెస్ ఎక్స్‌పెరిమెంటల్ సెంటర్’ పనిచేసేది. పేరుకు అది ప్రయోగశాల, చేసే పని జపాన్ సైన్యపు వైర్‌లెస్ సందేశాలను పట్టి, సంకేతాలను విప్పడం. శత్రు సంకేతాలు విప్పే బ్రిటిష్ కేంద్రమైన ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కుకు అది బయటి శాఖ. జపాన్ సైన్యం ఓడల రవాణాకు వాడిన సంకేతాన్ని 1943లో అక్కడా, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లోనూ విప్పగలిగారు. సరుకు ఓడ ఎప్పుడు, ఎక్కడికి వెళుతోందో తెలిస్తే, సైన్యం ఎక్కడ దిగబోతోందో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

స్వాతంత్ర్యం తరువాత జరిగినది చెప్పే ముందు, లోపల పని ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూపిస్తాను. ఇది తెలియకపోతే తరువాతి యుద్ధాల్లో ఎక్కడ తప్పింది, ఎక్కడ ఒప్పింది అన్నది అర్థం కాదు.

గస్తీ తిరిగి వచ్చిన జవాన్లను, వాళ్ళు తిండి తిని నిద్రపోయేలోగా, ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి అడగడం మా సెక్షన్ మొదటి పని. కలిపి అడిగితే అందరికన్నా గట్టిగా మాట్లాడేవాడి మాటే అందరి మాట అయిపోతుంది. అడిగేటప్పుడు ‘ఏం చూశావు’ అన్నదానిని, ‘ఏమనుకున్నావు’ అన్నదానిని వేరువేరుగా రాసుకోవాలి. ‘20 మంది ఉన్నారు’ అన్నవాడిని మరో నాలుగు ప్రశ్నలు వేస్తే, చూసింది ఐదుగురిని, రెండు పొయ్యిలను, ఒక పెద్ద నీళ్ళ డబ్బాను అని తేలుతుంది. ఆ ఐదుగురు, రెండు పొయ్యిలు, ఒక డబ్బా నివేదికలోకి ఎక్కాలి. 20 అన్నది అంచనాగా, అంచనా అన్న గుర్తుతోనే, పక్కన ఉండాలి.

ఆ తరువాత గ్రేడు వేయడం. బ్రిటిష్ కాలం నుంచి ఎన్నో సైన్యాల్లో వాడుకలో ఉన్న పద్ధతి ఇది. వార్త తెచ్చిన మనిషికి ఏ నుంచి ఎఫ్ వరకు ఒక అక్షరం, వార్తకు 1 నుంచి 6 వరకు ఒక అంకె వేస్తారు. ఎప్పుడూ నిజమే చెప్పినవాడు ‘ఏ’, ఎలాంటివాడో తేల్చలేనివాడు ‘ఎఫ్’. మరో చోటి నుంచి కూడా రుజువైన వార్త ‘1’, నిజమో కాదో చెప్పలేనిది ‘6’. రెండింటినీ విడదీయడంలోనే ఆ పద్ధతి విలువంతా ఉంది. ఎంతో నమ్మకస్తుడు కూడా ఒకసారి గాలివార్త తేవచ్చు, ఎన్నడూ నమ్మదగనివాడు ఒకసారి అసలైన వార్త తేవచ్చు. మనిషి మీది అభిమానమో, చిరాకో వార్త మీదికి పాకకుండా ఈ రెండు గుర్తులు అడ్డం పడతాయి.

అన్నీ కలిపి పటం మీదికి ఎక్కుతాయి. పటం మీద టాల్క్ షీటు, అంటే పారదర్శకమైన షీటు, పరచి మైనపు పెన్సిలుతో మన బలగాలు నీలంలో, శత్రువు ఎరుపులో గుర్తిస్తాం. దాడికి ముందు కమాండింగ్ ఆఫీసరు ఆదేశాలు ఇవ్వడానికి నేల మీద ‘సాండ్ మోడల్’ కట్టేది కూడా మేమే. తడి మట్టితో గుట్టలు, రంగు పొడితో చెట్లు, నీలం ఊలు దారంతో వాగు, చిన్న అట్టముక్కల మీద పేర్లు. రాత్రి చీకట్లో ఆ కొండ ఎక్కవలసిన సెక్షన్ కమాండరు ఆ నమూనా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తన దారిని వేలితో గీసుకుంటూ చూస్తాడు. అక్కడ ఒక వాగును తప్పు చోట పెడితే దాని ఫలితం ఎవరి మీద పడుతుందో మాకు ఎరుకే. పుణేలో ఉన్న మిలిటరీ ఇంటెలిజెన్స్ శిక్షణ పాఠశాలలో నేర్పే పెద్ద విద్యలన్నిటికీ ఈ జాగ్రత్తే పునాది. విమానం నుంచి తీసిన ఫోటోలను చదివే విద్య అందులో ఒకటి. ఒకదానిపై ఒకటి 60 శాతం పడేలా తీసిన రెండు ఫోటోలను స్టీరియోస్కోపు కింద పెడితే నేల ఎత్తుపల్లాలతో లేచి నిలబడుతుంది. నీడ పొడవును బట్టి ఎత్తును, టైరు జాడల వెడల్పును బట్టి బండి రకాన్ని చెప్పవచ్చు.

ఇప్పుడు యుద్ధాల దగ్గరికి వద్దాం. 1962లో సరిహద్దు అవతలి సమాచారం సేకరించే బాధ్యత ప్రధానంగా ఐబీది, సైన్యానికి సొంతంగా ఉన్న కళ్ళు చాలా తక్కువ. ముందుకు వెళ్ళి చిన్న చిన్న పోస్టులు పెట్టినా చైనా బలప్రయోగానికి దిగదన్న అంచనా మీద విధానం నడిచింది. ఆ అంచనా ఎంత ఖరీదైనదో దేశమంతా చూసింది. ఆ దెబ్బ తరువాతే వైమానిక నిఘా కోసం ఏవియేషన్ రీసెర్చ్ సెంటర్ ఏర్పడింది. దాని ప్రధాన స్థావరం మన ఒడిశాలోనే, కటక్ దగ్గర చర్బాటియాలో ఉంది. 1964 మేలో అమెరికా యూ-2 నిఘా విమానం అక్కడి నుంచి ఎగిరిన సంగతి 2013లో సీఐఏ తన పత్రాలు విడుదల చేశాకే ప్రజలకు తెలిసింది.

1965 యుద్ధంలో రెండు వైపులా తప్పులు జరిగాయి, నా దృష్టిలో ఇంటెలిజెన్స్ విద్యార్థికి అంతకు మించిన పాఠం లేదు. పాకిస్తాన్ తన 6వ ఆర్మర్డ్ డివిజన్‌ను, అంటే ట్యాంకుల డివిజన్‌ను, గుట్టుగా తయారుచేసుకుంటే మన వాళ్ళు దాన్ని పసిగట్టలేకపోయారు. సియాల్‌కోట్ రంగంలో ఫిల్లోరా, చవిండాల దగ్గర ఎదురుపడే వరకు దాని బలం తెలియలేదు. అటు వైపు ఏం జరిగిందో చూడండి. యుద్ధానికి ముందు రోజుల్లో సైనిక టపా మోసుకెళ్ళే మన డిస్పాచ్ రైడర్ ఒకరు టపా సంచితో సహా పాకిస్తాన్ దళాలకు చిక్కాడు. మన 1వ ఆర్మర్డ్ డివిజన్ సాంబా వైపు చేరుకుంటోందని ఆ కాగితాల్లో ఉంది. అంతకన్నా విలువైన వార్త ఏ సైన్యానికైనా దొరకదు. దాన్ని పరిశీలించిన అక్కడి అధికారులు మాత్రం, ఇంత సులువుగా దొరికిందంటే ఇది మనల్ని పక్కదారి పట్టించడానికి వేసిన ఎర అయి ఉంటుందని తలచారు. సమాచారం లేక ఒకరు, చేతికందిన సమాచారాన్ని నమ్మలేక మరొకరు నష్టపోయారు. ఆ యుద్ధానికి ముందే, ఆగస్టులో, కశ్మీరులోకి చొరబడ్డవారి గురించి మొదట వార్త ఇచ్చింది కొండల్లో తిరిగే గుజ్జర్లు. ఈ సంగతినీ మరచిపోకూడదు.

1971 కథ వేరు. అప్పుడు ప్రతి మెట్టూ దాని పని అది చేసింది. విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ‘ఘాజీ’ గురించి మన వైపు తెలియనివారుండరు. అది నౌకాదళ ఇంటెలిజెన్స్ పని కాబట్టి క్లుప్తంగా చెబుతాను. చిట్టగాంగ్‌లోని నావికాధికారులకు వెళ్ళిన ఒక సందేశంలో సబ్‌మెరైన్లూ, సముద్రంలోని మైన్లను తొలగించే మైన్‌స్వీపర్లూ మాత్రమే వాడే ఒక రకం కందెన నూనె గురించి అడగడం మన వాళ్ళ కంటపడింది. దాంతో బంగాళాఖాతంలోకి సబ్‌మెరైన్ వస్తోందని తేలింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విమానవాహక నౌక విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, పాత డెస్ట్రాయర్ అయిన రాజ్‌పుత్‌ను విక్రాంత్‌లా నటింపజేశారు. విశాఖలో పెద్ద నౌకకు సరిపడినంత సరుకులు కొనిపించారు. ‘విక్రాంత్’ నావికుడు ఒకరు తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నట్టు బాహాటంగా సందేశం పంపించారు. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల, అంటే నీటి లోపల పేలే బాంబుల, వల్లనా, ఘాజీ లోపలి పేలుడు వల్లనా అన్న వాదన నేటికీ ఉంది. అది విశాఖ ముందుకే ఎందుకు వచ్చిందన్న విషయంలో మాత్రం వాదన లేదు.

నాకు ఇంకా గొప్పగా అనిపించేది డిసెంబరు 14 నాటి సంఘటన. ఢాకాలో మధ్యాహ్నం ఉన్నత స్థాయి సమావేశం జరగబోతోందన్న వైర్‌లెస్ సందేశాన్ని ఆ రోజు ఉదయం మన సిగ్నల్స్ వాళ్ళు పట్టారు. కొన్ని గంటల్లో ఆ వార్త వైమానిక దళానికి చేరింది. గౌహతిలో మిగ్-21 స్క్వాడ్రన్ కమాండరు బిష్ణోయ్ దగ్గర ఢాకా నగరానికి సరైన సైనిక పటం కూడా లేదు, పర్యాటకుల కోసం అచ్చేసిన పటం ఒకటి చేతికిచ్చారు. ఇంజను స్టార్ట్ చేస్తున్న సమయంలో ఒక అధికారి పరుగెత్తుకుంటూ వచ్చి చీటీ అందించాడు. లక్ష్యం సర్క్యూట్ హౌస్ కాదు, గవర్నమెంట్ హౌస్ అని అందులో ఉంది. ఆ దాడి తరువాత తూర్పు పాకిస్తాన్ గవర్నరు మాలిక్ రాజీనామా చేశారు, రెండు రోజుల తరువాత లొంగుబాటు జరిగింది. ఒక సందేశం ఉదయం చెవిన పడి, మధ్యాహ్నానికి యుద్ధ ఫలితాన్ని తొందరపెట్టగలగడం ఆ చీటీ పట్టుకుని పరుగెత్తిన మనిషి వరకు ప్రతి ఒక్కరూ తమ చేతిలో ఆలస్యం జరగనివ్వకపోవడం వల్ల సాధ్యమైంది.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ కార్గిల్. యుద్ధం తరువాత కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన వేసిన సమీక్షా సంఘం నివేదిక 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చింది. ఈ రంగం మీద ఆసక్తి ఉన్న ప్రతివారూ దాన్ని చదవాలని నా మనవి. అందులో ఒక విషయం నన్ను చాలా కాలం వెంటాడింది. 1998 జూన్ 2న ఐబీ డైరెక్టరు తన సంతకంతో ఒక లేఖ పంపారు. నియంత్రణ రేఖ అవతల కార్గిల్ ఎదురు ప్రాంతంలో కదలికల గురించి అందులో ఉంది. అది ప్రధానమంత్రికి, హోం మంత్రికి, కేబినెట్ కార్యదర్శికి, హోం కార్యదర్శికి, మిలిటరీ ఆపరేషన్స్ డైరెక్టర్ జనరల్‌కు వెళ్ళింది. ఆ వార్తతో అందరికన్నా ఎక్కువ పని ఉన్న ముగ్గురికి, అంటే ‘రా’ కార్యదర్శికి, జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ అధ్యక్షుడికి, మిలిటరీ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ జనరల్‌కు అది పంపలేదు. వార్త ఉంది, రాసినవారు బాధ్యతగానే రాశారు, చేరిన చోట్లు పెద్దవే. ఇతర వార్తలతో పోల్చి, బేరీజు వేసి, ‘ఇది ఇది కావచ్చు’ అని చెప్పవలసిన బల్ల మీదికి మాత్రం అది చేరలేదు. మరుసటి సంవత్సరం మే మొదట్లో చొరబాటుదారులను చూసి చెప్పింది తప్పిపోయిన జంతువును వెతుక్కుంటూ వెళ్ళిన ఒక గొర్రెల కాపరి.

ఆ నివేదిక ఫలితంగా 2002 మార్చిలో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ ఏర్పడింది. సైన్యం, నౌకాదళం, వాయుసేన ఇంటెలిజెన్స్ విభాగాల వార్తలు ఒకచోట కలిసే వేదిక అది. ఉపగ్రహ చిత్రాలను చదివే కేంద్రం కూడా దాని కిందే ఉంది. త్రివిధ దళాల డైరెక్టరేట్లు రద్దు కాలేదు, తమ తమ కమాండర్లకు అవి ఇంకా అవసరమే.

చివరగా మన కొండల సంగతి. మీ మూడవ ప్రశ్నకు సమాధానం ‘కాదు’ అనే చెప్పాలి. మావోయిస్టుల మీద చర్యలకు ప్రభుత్వం సైన్యాన్ని దించలేదు. అది రాష్ట్ర పోలీసుల, కేంద్ర హోం శాఖ బలగాల పనిగానే సాగింది. ఒడిశాలో ఎస్‌వోజీ, సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, ఆంధ్ర వైపు 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్, సిరోంచ, అహేరి వైపు మన తెలుగువాళ్ళు చూసే గడ్చిరోలి పోలీసుల సీ-60, ఇవన్నీ పోలీసు దళాలే. వాటికి సమాచారం ఇచ్చేది ఆయా రాష్ట్రాల పోలీసు ఇంటెలిజెన్స్ విభాగాలు, కేంద్రం నుంచి ఐబీ. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్ ఆయుధాగారం మీద జరిగిన దాడి అయినా, 2008 జూన్ 29న మల్కన్‌గిరి జిల్లా బలిమెల జలాశయంలో పడవ మీద జరిగిన దాడిలో 30 మందికి పైగా గ్రేహౌండ్స్ కమాండోలు ప్రాణాలు కోల్పోయిన విషాదమైనా పోలీసు చరిత్రలోని ఘట్టాలు. ఊళ్ళో కొత్త మనిషి కనిపిస్తే ‘మిలిటరీ ఇంటెలిజెన్స్ వాడు’ అనుకోవడం మన వైపు అలవాటైపోయింది. అది సరి కాదు, ఒక్కోసారి అమాయకుడైన చిరు వ్యాపారికి ప్రమాదకరం కూడా.

అయితే మన జిల్లాలకు ఆ విభాగంతో సంబంధమే లేదని కాదు. ఇంటెలిజెన్స్ పనిలో సగం శత్రువు గురించి తెలుసుకోవడమైతే, మిగతా సగం మన గురించి శత్రువుకు తెలియకుండా చూడటం. గంజాం జిల్లా గోపాలపూర్‌లో సైన్యపు వాయు రక్షణ కళాశాల ఉంది. బాలాసోర్ దగ్గర చాందీపూర్‌లో క్షిపణి పరీక్షా కేంద్రం ఉంది. పక్కనే విశాఖలో తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉంది. 2019 డిసెంబరులో విశాఖ తదితర స్థావరాల నావికులు కొందరు సామాజిక మాధ్యమాల్లో పరిచయమైన స్త్రీల పేర్ల మాటున ఉన్న పాకిస్తాన్ ఏజెంట్లకు సమాచారం ఇచ్చారన్న ఆరోపణపై అరెస్టయ్యారు. 2021 సెప్టెంబరులో చాందీపూర్ కేంద్రంలోని కాంట్రాక్టు ఉద్యోగులను ఇలాంటి ఆరోపణలపైనే ఒడిశా పోలీసులు పట్టుకున్నారు. అక్కడ పనిచేసేవారిలో శాస్త్రవేత్తలే కాదు, ఏసీ మెకానిక్కులు, జనరేటరు ఆపరేటర్లు కూడా ఉంటారు. బరంపురం నుంచి ఇచ్ఛాపురం వరకు ఎన్నో ఇళ్ళలో ఎవరో ఒకరు ఇలాంటి చోట్ల కాంట్రాక్టు పనులు చేస్తున్నారు. ‘ఆఫీసరుగారిని మాట్లాడుతున్నాను, ఇవాళ ఏ బండ్లు వచ్చాయి’ అని ఎవరైనా ఫోను చేస్తే సమాధానం చెప్పకండి. నెంబరు రాసుకుని, అక్కడి భద్రతాధికారికో, దగ్గరి పోలీసు స్టేషనుకో చెప్పండి. ఇంట్లో జవాను ఉంటే అతను ఏ పోస్టులో ఉన్నాడో, సెలవు ఎప్పుడో ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఇది నేను బతిమాలి చెబుతున్న మాట.

ఆ ఉద్యోగం మీద ఆసక్తి ఉందని కూడా మీరు రాశారు. సైన్యంలో జవానుగా చేరాలంటే దక్షిణ ఒడిశా జిల్లాల వారికి గోపాలపూర్ ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు ఉంది. 2022 నుంచి భర్తీ అగ్నిపథ్ పద్ధతిలోనే జరుగుతోంది. ఆఫీసరుగా వెళ్ళాలనుకుంటే సీడీఎస్, అంటే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్, పరీక్ష రాయాలి. ఇంటెలిజెన్స్ కోర్‌లో మహిళా అధికారులకు కూడా ఇప్పుడు పర్మనెంట్ కమిషన్, అంటే పదవీ విరమణ వరకు కొనసాగే నియామకం, ఉంది కాబట్టి మీ చెల్లెలికీ ఈ దారి తెరిచే ఉంది. మీకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో హిందీ, చుట్టుపక్కల ఊళ్ళలో సవర వినబడతాయి. ఇన్ని భాషల మధ్య పెరగడం ఈ వృత్తికి పనికొచ్చే అసలైన అర్హత. దానికి ఒక విదేశీ భాష తోడైతే మరీ మంచిది. సైనికుల కోసం రక్షణ శాఖ 1948 నుంచి ఢిల్లీలో విదేశీ భాషల పాఠశాల నడుపుతోంది. పటం చదవడం మాత్రం చేరే వరకు ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. సర్వే ఆఫ్ ఇండియా పటం ఒకటి సంపాదించి, మహేంద్రగిరి చుట్టూ మీకు తెలిసిన దారులను దాని మీద గుర్తించి, ఎత్తురేఖలు నిజమైన వాలుతో ఎలా సరిపోతున్నాయో నడిచి చూడండి. సీడీఎస్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నవారు కూడా రాయవచ్చు.